అరవై ఏడో నిమిషం

గిద్దలూరులో బంధువుల పెళ్లి చూసుకుని రైల్లో మార్కాపురం వస్తున్నా. కంభం దాటాక ఫోనుకి సిగ్నల్ దొరికింది. తెరిచి చూస్తే స్కోరు: ఈస్ట్ బెంగాల్ 1, ఒడిశా 0. గోల్ కొట్టింది సౌమ్య గుగులోత్, 67వ నిమిషంలో. ఆ రోజు 2025 ఏప్రిల్ 18. ఆ ఒక్క గోలుతో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచేశారు. 2003-04లో మగవాళ్ల జట్టు నేషనల్ లీగ్ గెలిచాక, ఆ క్లబ్బుకి మళ్లీ దేశస్థాయి లీగ్ టైటిల్ రావడం అప్పుడే.

నాకు తెలీకుండానే గట్టిగా ఏదో అన్నట్టున్నా. ఎదురు సీట్లో పెద్దాయన "ఏందమ్మా, ఇంటర్ రిజల్ట్సా?" అన్నాడు.

"కాదు తాతా, ఫుట్‌బాల్. మన తెలుగమ్మాయి గోల్ కొట్టింది."

ఆయన కాసేపు ఆలోచించి, "ఆడపిల్లలక్కూడా ఉందా అది?" అని అడిగాడు.

ఎగతాళిగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగేలోపు సరైన జవాబు చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తున్నా.

ఉంది తాతా, చాన్నాళ్లుగా ఉంది. 1975లోనే లక్నోలో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కి విడిగా ఒక జాతీయ సంఘం పుట్టింది. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మన జట్టు రెండో స్థానంలో నిలిచింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రెండోదే. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు వచ్చింది, ఫుట్‌బాల్‌లో ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఇంత జరిగినా దేశంలో ఆడవాళ్లకంటూ ఒక లీగ్ మొదలవడానికి 2017 దాకా ఆగాల్సొచ్చింది. ఫార్వర్డ్ ఆటంతా లెక్కల్లో ఉంటుంది: ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని గోల్స్. లీగే లేకపోతే ఆ లెక్క రాసేదెవరు? ఆ తరం ఫార్వర్డ్‌ల కెరీర్లు ఎక్కువ భాగం చూసినవాళ్ల జ్ఞాపకాల్లోనే ఉండిపోయాయి.

మగవాళ్ల సంగతి వేరు. హైదరాబాద్ పోలీసు జట్టు, కోచ్ రహీం సాబ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా బంగారు పతకం... ఈ కథ మనం ఎన్నిసార్లయినా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఈస్ట్ బెంగాల్‌కి దక్షిణాది ఫార్వర్డ్‌లు కొత్త కాదు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలె అనే అయిదుగురిని అక్కడ పంచపాండవులన్నారు. తర్వాత సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం అదే జెర్సీ వేసుకున్నాడు. మన వైపు నుంచి కలకత్తాకి బంతి దారి డెబ్బై ఏళ్లనాడే పడింది. అమ్మాయిలకి ఆ దారి ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదన్నదే ప్రశ్న.

మనం పేదవాళ్లం కాబట్టి, పల్లెటూళ్లం కాబట్టి అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని, ఇటలీ గురించి చదివేదాకా. ఫుట్‌బాల్ పిచ్చిలో వాళ్లని మించినవాళ్లు అరుదు కదా. 1933లో మిలాన్‌లో కొందరు అమ్మాయిలు జట్టు కట్టారు. స్కర్టులేసుకుని ఆడాలి, గోల్‌కీపర్‌గా మాత్రం మగపిల్లాడు నిలబడాలి. ఈ షరతులన్నిటికీ ఒప్పుకున్నా ఏడాది తిరక్కుండా ముస్సోలినీ హయాంలోని క్రీడాధికారులు ఆట ఆపించేశారు. పతకాలొచ్చే పరుగుపందేలకీ వాటికీ పొమ్మన్నారు.

ఆ దేశంలోనే 1964లో వెనిస్‌లో పుట్టింది కరోలినా మొరాచె. పద్నాలుగేళ్లకే జాతీయ జట్టుకి ఆడింది. దేశం తరఫున వందకి పైగా గోల్స్. ఇటలీ లీగ్‌లో వరసగా 11 సీజన్లు టాప్ స్కోరర్. 1990లో వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్ మీద ఒక్కతే నాలుగు గోల్స్ కొట్టింది. మరుసటి ఏడు, మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్‌లో, మొదటి హ్యాట్రిక్ కూడా ఆమెదే. అయినా ఆమె కెరీర్ చూడండి: బెల్లూనో, వెరోనా, ట్రాని, లాత్సియో, రెజ్జానా, మిలాన్, ఇంకా కొన్ని. లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టే మనిషి ఇన్ని ఊళ్లు మారింది. అప్పట్లో ఆడవాళ్ల క్లబ్బులంటే స్పాన్సర్ ఉన్నన్నాళ్లే మరి. కాగితం మీద ఆమె చివరిదాకా అమెచ్యూరే. పక్కన లా కూడా చదువుకుంది. ఆడటం మానేశాక 1999లో వితెర్బేసె అనే మగవాళ్ల ప్రొఫెషనల్ జట్టుకి కోచ్ అయ్యి, రెండు మ్యాచ్‌లకే రాజీనామా చేసి బయటికొచ్చింది. ఇటలీ తన మహిళా ఫుట్‌బాలర్లని ప్రొఫెషనల్స్‌గా ఒప్పుకున్నది ఎప్పుడనుకున్నారు? 2022 జూలైలో.

అదే 2022లో నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకి సంతకం పెట్టింది. క్రొయేషియా. ఏడ్రియాటిక్ సముద్రానికి ఆ ఒడ్డున ఇటలీ ఉంటే, ఈ ఒడ్డున అది.

ఇక్కడొక మాట సర్దుకోవాలి. రైల్లో నేను 'మన తెలుగమ్మాయి' అనేశా. గుగులోత్ లంబాడీ ఇంటిపేరు. గోల్ కొడితే తెలుగమ్మాయి, కొట్టకముందు తండా పిల్ల. ఈ అలవాటు నాలోనూ ఉందన్నమాట.

సౌమ్య 2001లో పుట్టింది. మొదట ఫుట్‌బాల్ కాదు, పరుగు. ఆ పరుగు చూసి, ఈ వేగం వింగులో పనికొస్తుందని ఒక కోచ్‌కి తట్టింది. మిలాన్ అమ్మాయిల్ని బంతి దగ్గర్నుంచి ట్రాక్ మీదకి తోలితే, ఈమె ట్రాక్ మీద నుంచి బంతి దగ్గరికొచ్చింది. గోకులం కేరళకి ఆడింది. 2022 సెప్టెంబర్‌లో ఖాట్మండులో శాఫ్ పోటీల్లో పాకిస్తాన్ మీద 3-0తో గెలిచినప్పుడు ఆఖరి గోల్ ఈమెదే, ఆట అయిపోవస్తుండగా. తర్వాత ఈస్ట్ బెంగాల్, ఆ 67వ నిమిషం. 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా ఈమెకే ఇచ్చారు.

అదే ఏడు జూన్, జూలైల్లో థాయిలాండ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్స్. మంగోలియా మీద 13-0. టోర్నీ మధ్యలో సౌమ్య ముక్కుకి గాయమై బయట కూర్చోవాల్సొచ్చింది. ఇరాక్ మీద గోల్ కొట్టాక జట్టు అమ్మాయిలు ఆమె జెర్సీ ఎత్తి చూపించారు. జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్ మీద 2-1. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వి. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి మన అమ్మాయిలు ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకోవడం అదే మొదటిసారి. నన్నడిగితే ఆ టోర్నీ మొత్తంలో గుర్తుండేది ఆ జెర్సీ. ఆడని మనిషి కూడా స్కోరులో లెక్కే అన్నట్టుంది.

ఇదంతా మార్కాపురంలో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, నాకూ ఒక ఫార్వర్డ్ తెలుసు. కాకపోతే ఆమె ఫార్వర్డ్ అని ఎవరికీ తెలీదు, ఆమెతో సహా.

మాది పలకల ఊరు. దేశంలో సగం మంది అక్షరాలు దిద్దింది మా రాతి మీదే అని మావాళ్లు గొప్పలు చెప్పుకుంటారు. ఊరి చివర పలక రాయి ముక్కలు గుట్టలుగా పడుంటాయి. మా బడి గ్రౌండ్‌లోనూ అవే, బ్లేడుల్లా. మేము ఖోఖో ఆడే ముందు పావుగంట రాళ్లేరేవాళ్లం. బడిలో ఒక ఫుట్‌బాల్ ఉండేది, బీరువాలో, గాలి లేకుండా. అది మగపిల్లలది. ఒకసారి నేను అడిగితే "నీకెందుకమ్మా, కాలు ఇరిగితే మీ నాయన నన్నడుగుతాడు" అన్నారు సారు. ఇంట్లో నాయనమ్మ అయితే నేను పెద్దమనిషినైన రోజునుంచే "ఏందమ్మే ఆ ఎగురుడు" అని మొదలుపెట్టింది. ఖోఖో కూడా అంతటితో సరి.

మా క్లాసులో ఒక సుగాలీ అమ్మాయి ఉండేది. మా పడమటి ప్రకాశంలో, దోర్నాల, యర్రగొండపాలెం వైపు తండాలు చాలానే ఉన్నాయి. ఆమె అటు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. ఖోఖోలో ఆమెని తాకినవాళ్లు లేరు. ఎడమకి పోతున్నట్టు భుజం వంచి కుడికి పోయేది. చెప్పుల్లేని కాళ్లు, కింద పలక ముక్కలు. ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ వీడియోలో సౌమ్య ఒక డిఫెండర్ని దాటేసి పోతుంటే నాకు గుర్తొచ్చింది ఆ భుజమే. అక్కడే వీడియో ఆపేశా. మళ్లీ చూడటానికి కాసేపు పట్టింది.

ఎనిమిదో తరగతిలో సంక్రాంతి సెలవులకి వెళ్లింది, తిరిగి రాలేదు. మిరపకాయ కోతలకి గుంటూరు వైపు తీసకపోయారని హాస్టల్ పిల్లలు చెప్పారు. మేము రెండు రోజులు అనుకుని మర్చిపోయాం. ఖోఖో జట్టులోకి ఇంకో అమ్మాయిని తీసుకున్నారు.

ఈ వ్యాసం రాస్తూ ఆ బడికి వెళ్లా. ఇప్పుడక్కడ పనిచేసే టీచరు నాకు స్నేహితురాలు. పాత హాజరు పట్టీలు గోనెసంచిలో కట్టి స్టోర్ రూములో పెట్టారు. దుమ్ము దులిపి మా సంవత్సరం దాన్ని వెతికి తీసింది. ఎనిమిదో తరగతి, బి సెక్షన్. జనవరి మొదటి వారందాకా ఆమె పేరు ఎదురుగా వరసగా హాజరు గుర్తులు. తర్వాత వరసగా సున్నాలు. ఫిబ్రవరి పేజీలో పేరు మీద ఎర్ర సిరాతో గీత, స్కేలు పెట్టి నీటుగా గీసింది. పక్కన రిమార్కుల గడి ఖాళీ.