కుండీ మొక్కలకు పురుగు పడితే: గుర్తుపట్టడం, వదిలించుకోవడం

నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన మన కామాఠీల పేరే కామాఠీపురకు మిగిలింది. ఇక్కడి చాళ్లలో పెరడు ఎవరికీ లేదు. గ్యాలరీ కటకటాలు, కిటికీ గ్రిల్లులో నాలుగు కుండీలే మన తోట. ఒక కుండీకి పట్టిన పురుగు పక్కింటి కుండీకి చేరడానికి ఎన్నాళ్లో పట్టదు. పైగా తులసి, కరివేపాకు నోట్లోకి వెళ్లేవి. అందుకే మందు కొట్టేముందు పురుగును గుర్తుపట్టండి.

పిండినల్లి: మందారం మొగ్గల దగ్గర, కణుపుల్లో దూదిలా తెల్లగా పడుతుంది. కొమ్మపై చీమలు బారు కడితే అనుమానించండి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ముదిరిన కొమ్మను కత్తిరించి సంచిలో కట్టి పారేయండి.

పేనుబంక: లేత చిగుళ్లకు పేలలా గుంపుగా పడుతుంది. ఆకు ముడుచుకుని జిగురవుతుంది. మోరి దగ్గర పెట్టి నీళ్లు జోరుగా కొడితే చాలావరకు రాలిపోతుంది.

ఎర్రనల్లి: ఎండాకాలంలో ఆకులపై సన్నని పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు దారాలు కనిపిస్తాయి. కింద తెల్లకాగితం పట్టి కొమ్మను తట్టండి. పడ్డ చుక్కలు కదిలితే అదే. ఆకుల అడుగుభాగం బాగా కడగండి.

తెల్లదోమ: కొమ్మ కదిపితే తెల్లగా లేస్తుంది. పసుపు అట్టకు ఆముదం రాసి వేలాడదీస్తే అంటుకుంటుంది.

కరివేపాకు గొంగళి: చిన్నప్పుడు పిట్టరెట్టలా, పెరిగాక ఆకుపచ్చగా ఉంటుంది. చేత్తో ఏరేస్తే చాలు.

ఇంటి మందు: లీటరు గోరువెచ్చని నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల గిన్నెల సబ్బు కలిపి బాగా గిలకొట్టండి. మొదట ఒక్క కొమ్మపై కొట్టి ఒక రోజు చూడండి. ఆకు మాడకపోతే ఎండ తగ్గాక, ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి. గుడ్ల నుంచి కొత్త పురుగులు వస్తాయి కాబట్టి వారానికోసారి, మూడు వారాలు కొట్టాలి. కొట్టిన ఆకును ఆ రోజుల్లో కోయొద్దు. తర్వాత కూడా కడిగే వాడండి. వేపనూనె సీసా పిల్లలకు అందకూడదు.

ఊరి నుంచి చిన్న సీసాలో పోసి తెచ్చిన పత్తిచేను మందు మాత్రం ఇంట్లో పెట్టకండి. వంట, పడక, పిల్లల ఆట అంతా ఒకే గదిలో. పేరు రాయని ఆ సీసాను ఎవరైనా మరేదో అనుకుంటే ప్రాణానికే ముప్పు. బొద్దింకల స్ప్రే కూడా మొక్కలపై కొట్టొద్దు.

పిండినల్లికి శత్రువులూ ఉన్నాయి. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లిని, 2010లో విదేశం నుంచి తెప్పించిన ఒక బుల్లి కందిరీగే అదుపు చేసింది. మన కుండీపై అక్షింతల పురుగు వాలితే తరిమేయకండి; పేనుబంకను తినేది అదే.

వానాకాలంలో కుండీల కింది పళ్లేల నీళ్లు వారానికోసారి పారబోసి, అంచులు రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు ఆ అంచులకే అంటుకుంటాయి. ఆ దోమకు మన గది, పక్క గది అనే తేడా లేదు.