సంసారం, సాహిత్య రచన: తెలుగు రచయిత్రుల చరిత్రలో తీరిక ప్రశ్న

పరిచయం

కవుల చరిత్రల్లో కాలం, వంశం, ఆశ్రయమిచ్చిన రాజు, రచనల జాబితా ఉంటాయి. ఆ కవి రోజులో ఏ వేళ రాసేవాడు, ఆ వేళ ఇంటిపని ఎవరు చేసేవారు అన్న ప్రశ్న సాధారణంగా కనిపించదు. స్త్రీల రచనలను అధ్యయనం చేసేటప్పుడు మాత్రం ఈ ప్రశ్నను తప్పించుకోలేం. రాయడానికి తీరిక కావాలి. భూమి, చదువు ఎలా పంపిణీ అయ్యాయో తీరిక కూడా సమాజంలో అలాగే అసమానంగా పంపిణీ అయింది. ఆ కోణం నుంచి తెలుగు రచయిత్రుల చరిత్రలో కొన్ని ఘట్టాలను ఇక్కడ పరిశీలిద్దాం.

ప్రాచీన కవయిత్రులు

తొలి తెలుగు కవయిత్రిగా చాలామంది పేర్కొనే తాళ్లపాక తిమ్మక్క 15వ శతాబ్దికి చెందినది. ఆమె అన్నమాచార్యుల భార్య. భర్త సంకీర్తనలు వేల సంఖ్యలో రాగిరేకులకెక్కి మనకు దక్కాయి. తిమ్మక్క రచనగా మనకు తెలిసింది ‘సుభద్రా కల్యాణం’ ఒక్కటే. ఒకే ఇంట్లోని ఇద్దరి రచనల పరిమాణంలో ఇంత తేడా ఎందుకు వచ్చిందో విద్యార్థులు ఆలోచించాలి.

తరువాతి ప్రసిద్ధ కవయిత్రులను చూడండి. మొల్ల అవివాహిత అని సంప్రదాయం చెబుతుంది. తరిగొండ వెంగమాంబ బాల్యంలోనే భర్తను కోల్పోయి భక్తిమార్గం పట్టింది. రంగాజమ్మ, ముద్దుపళని తంజావూరు రాజాస్థానానికి చెందినవారు. వీరంతా ఏదో ఒక విధంగా గృహిణి దినచర్యకు వెలుపల ఉన్నవారే. ఇది కేవలం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

మరి సంసారంలో ఉన్న స్త్రీలు కవిత్వం చెప్పలేదా? చెప్పారు. దంపుళ్ల పాటలు, తిరగటి పాటలు, ‘ఊర్మిళాదేవి నిద్ర’ వంటి స్త్రీల పాటలు ఇందుకు సాక్ష్యం. వడ్లు దంచే చేతుల లయే పాటకు తాళమైంది. పని ఆపకుండానే కవిత్వం సాగింది. అయితే ఆ పాటలు చాలావరకు కాగితం మీదికి ఆలస్యంగా చేరాయి, కట్టినవారి పేర్లు నిలవలేదు.

ఇంట్లోకి వచ్చిన అచ్చు

19వ శతాబ్ది చివర స్త్రీవిద్యా ఉద్యమం, పత్రికలు ఈ స్థితిని కొంత మార్చాయి. 1883లో కందుకూరి వీరేశలింగం ‘సతీహితబోధిని’ని, 1902లో సత్తిరాజు సీతారామయ్య ‘హిందూసుందరి’ని ప్రారంభించారు. 1928లో మద్రాసు నుంచి కె.ఎన్. కేసరి ‘గృహలక్ష్మి’ వెలువడింది. గడప దాటకుండానే చదవడానికీ, రాసి పంపడానికీ వీలు కలిగింది.

భండారు అచ్చమాంబ (1874–1905) ఉదాహరణ ముఖ్యమైనది. ఆమెకు చిన్ననాటనే వివాహమైంది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూ ఉండగా ఆయన సాయంతో ఇంట్లోనే చదువు నేర్చింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం 1901లో వెలువడింది. ‘ధనత్రయోదశి’ కథ 1902లో ‘హిందూసుందరి’లో వచ్చింది. ఈ కాలంలోనే ఆమె కన్న బిడ్డలను పోగొట్టుకుంది. ముప్పై ఏళ్ల ప్రాయంలో మరణించింది. ఇంత దుఃఖం మధ్య సాగిన రచనను ‘సంసారానికీ సాహిత్యానికీ సమన్వయం’ అనే తేలిక మాటతో కొలవడం న్యాయం కాదు.

భావకవితా యుగంలో చావలి బంగారమ్మను కవిత్వం వైపు ప్రోత్సహించినది ఆమె తమ్ముడు కొంపెల్ల జనార్దనరావు. ఆమె గీతాలకు 1935 నాటి ‘వైతాళికులు’ సంకలనంలో చోటు దొరికింది. అచ్చమాంబకు లాగే ఇక్కడా తమ్ముడి తోడ్పాటు కనిపిస్తుంది. బడికి వెళ్లే హక్కు మగపిల్లలదైన రోజుల్లో చదువు వారి ద్వారానే ఇంటి ఆడపిల్లలకు చేరింది. అటువంటి తమ్ముడు లేని అక్కల సంగతి ఏమిటన్నది చరిత్రలో మిగిలిన ఖాళీ.

ప్రక్రియ ఎంపిక

కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978) ‘గృహలక్ష్మి’లో రాసిన ‘శారదలేఖలు’ స్నేహితురాలికి రాసిన ఉత్తరాల రూపంలో ఉంటాయి. బాపట్లలో స్త్రీహితైషిణీ మండలి నడుపుతూనే ఆమె రచన కొనసాగించింది. 1934లో తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణం అందుకుంది. లేఖ, గీతం, కథానిక వంటి చిన్న ప్రక్రియలు ఆనాటి స్త్రీల చేతిలో విరివిగా సాగడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. పొయ్యి మీద ఎసరు మరిగే లోపు ఆపి, మళ్లీ అందుకోగల ప్రక్రియలవి. ప్రబంధానికి ఎడతెగని కాలం కావాలి. తీరిక స్వభావం సాహిత్య రూపాన్ని కూడా ప్రభావితం చేస్తుంది.

ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. ఈ దశలో పేరు దక్కినవారిలో ఎక్కువమంది చదువుకున్న అగ్రవర్ణ, మధ్యతరగతి కుటుంబాల వారు. పొలంలో, పరాయి ఇళ్లలో శ్రమించిన స్త్రీలకు ఆ కొద్దిపాటి తీరిక కూడా లేదు.

ముగింపు

ఈ చరిత్ర రచయిత్రుల పట్టుదలను తెలుపుతుంది. దాన్ని మెచ్చుకొని ఊరుకుంటే, వారి నుంచి సమయం తీసుకున్న వ్యవస్థ మన దృష్టికి రాదు. ఇంటిపని ముగించి, రాత్రి దీపం కింద ఈ పాఠం చదువుతున్న గృహిణులు మీలో ఎందరో ఉంటారు. తీరిక చరిత్రలో మీరూ భాగమే.

ఆలోచించండి: మీ ఇంట్లో అమ్మ, అమ్మమ్మ లేదా నానమ్మ పాడిన పాటలు, రాసిన ఉత్తరాలు ఏవైనా ఉన్నాయా? ఉంటే వాటిని సేకరించి, అవి ఏ పని మధ్య, ఏ వేళ పుట్టాయో ఒక పుటలో రాయండి. రాసిన మనిషి పేరు మరవకండి.