మాయ ఎక్కడి మాట?

బిడ్డ ఏడుపు వినబడ్డాక కూడా మా అమ్మమ్మ ముఖం తేటపడేది కాదు. "మాయ పడిందా?" అని అడిగేది. పడిందంటేనే కూర్చునేది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికని శ్రీకాకుళం వైపునుంచి ఖరగ్‌పూర్ వచ్చిన కుటుంబం మాది. పక్కనే సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ గూర్ఖా కుటుంబాలు. అమ్మమ్మ మాయ అన్నదాన్ని వాళ్లు 'సాల్' అనేవారు, బెంగాలీ ఇళ్లలో 'ఫుల్' అనేవారు. ఫుల్ అంటే పువ్వు. మరి మనకు ఇది మాయ ఎందుకైంది?

తొమ్మిది నెలలూ గర్భసంచి గోడను పట్టుకుని, తల్లి నెత్తుటినీ బిడ్డ నెత్తుటినీ కలవనివ్వకుండానే ప్రాణవాయువూ పోషణా అందించే అవయవం అది. నెలలు నిండేసరికి అరకిలో బరువు, జానెడు వెడల్పు.

మొదటి అనుమానం వేదాంతంలోని మాయ మీదికే పోతుంది. బిడ్డను కప్పి ఉంచేది కనుక మాయ అని నేనూ చాలాకాలం నమ్మాను. కానీ సంస్కృత వైద్యులు దీన్ని 'అపర' అన్నారు, తర్వాత వచ్చేదని. జరాయువు అన్న మాటా ఉంది. మాయ అన్నది వాళ్ల మాట కాదు.

రెండో ఆనవాలు పశువుల పాకలో దొరికింది. ఆవు ఈనాక రైతు "మావి ఇంకా వెయ్యలేదు" అంటాడు. మావి, మాయ ఒకటే. వేదాంతంలోని మాయను మావి అన్నవాళ్లెవరూ లేరు! అంటే ఈ మాట వేరు ఇంట్లోనే ఉండాలి.

తాళంచెవి కన్నడంలో ఉంది. అక్కడ దీని పేరు 'మాసు'. అదే మాటకు మురికి అనీ అర్థం. ఇక మన చాకిరేవు గుర్తుకు రాక మానదు: బట్ట మాయడం, మాసిన చీర, మాపు ఆనని రంగు. కాన్పుతో బయటపడే మలినం అన్న అర్థంలోనే మాయ పుట్టిందని నా నిర్ణయం. పురిటిని 'మైల' అన్న నోళ్లే దీనికీ ఆ పేరు పెట్టి ఉంటాయి.

ఈ జవాబు దొరికిన రోజు నాకు సంతోషం కలగలేదు. మలయాళీలు దీన్నే 'మరుపిళ్ళ' అన్నారు, రెండో బిడ్డ అని. 1559లో ఇటలీ వైద్యుడు రియాల్దో కొలంబో గ్రంథంలో దీనికి 'ప్లసెంటా' అన్న లాటిన్ పేరు కనిపిస్తుంది. బల్లపరుపు రొట్టె అని అర్థం. ఒకరికి బిడ్డ, ఒకరికి రొట్టె, మన పొరుగింటికి పువ్వు. మనకు మాత్రం మాసినది.

అయినా ఆ మాటను అమ్మమ్మ అసహ్యంతో పలకగా నేను వినలేదు. ముక్క లోపల ఉండిపోతే నెత్తురు ఆగక తల్లి పోతుందని ఆమెకు తెలుసు. పడిన మాయను పళ్లెంలో పరిచి, దీపం దగ్గరికి జరుపుకుని, అంచు చుట్టూ వేలితో తడిమి చూసేది. ఎక్కడా తెగలేదని తేలాకే బాలింతకు మంచినీళ్లు ఇమ్మనేది.