దొమ్మ రోగం: నేలలో నిద్రించే శత్రువు

ముదిగుబ్బ నుండి కదిరి వైపు గాని, ధర్మవరం వైపు గాని ప్రయాణించిన పాఠకులకు రోడ్డు దాటే గొర్రెల మందలు కొత్త కాదు. వాన చాలని ఈ నేలలో వేరుసెనగ చేతికి రాని సంవత్సరం ఎన్నో కుటుంబాలను నిలబెట్టేది ఆ మందే. అందుచేతనే జీవాలను రాత్రికి రాత్రే చంపివేసే రోగాలకు మన భాషలో విడివిడిగా పేర్లున్నాయి. తొలకరి పచ్చికను ఆబగా మేసిన గొర్రె ఉన్నట్టుండి కొట్టుకొని చనిపోతే చిటుక రోగం. పశువుకు జబ్బ వాచి, తాకితే చిటపటలాడితే జబ్బవాపు. ముక్కు నుండి, ఆసనం నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతూ కూలిపోతే దొమ్మ రోగం.

ఈ మూడింటికీ కారణమైన సూక్ష్మజీవులు ఒకే తరహావి. 1884లో డెన్మార్కు దేశపు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో కనిపెట్టిన రంగు పరీక్షలో ఇవి ఊదా రంగును పట్టుకొని, కడిగినా వదలవు. వాటినే గ్రామ్ పాజిటివ్ అంటాము. (ఈ గ్రామ్ తూకానికి సంబంధించినది కాదు, మనిషి పేరు.) మూడింటిలోనూ మనిషికి ఎక్కువ సంబంధమున్నది దొమ్మ రోగం. ఆంత్రాక్స్ అన్నా ఇదే. గ్రీకు భాషలో ఆ మాటకు బొగ్గు అని అర్థం. మనిషి చర్మంపై ఏర్పడే నల్లని పెచ్చును బట్టి వచ్చిన పేరది.

దీని రహస్యాన్ని 1876లో ఛేదించినవాడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాడు. నేడు పోలండులో ఉన్న వోల్‌స్టైన్ అనే చిన్న పట్టణంలో జిల్లా వైద్యాధికారిగా పనిచేస్తున్న రాబర్ట్ కాక్. రోగులను చూడగా మిగిలిన సమయంలో, ఇంటిలోనే, చచ్చిన పశువుల రక్తాన్ని చిన్న కొయ్య పుల్లలతో ఎలుకలకు ఎక్కించేవాడు. ఎద్దు కంటిలోని ద్రవంలో క్రిములను పెంచేవాడు. పరిస్థితులు ప్రతికూలించగానే ఆ కడ్డీల లోపల మెరిసే గింజల వంటివి ఏర్పడటం, అనుకూలించగానే ఆ గింజలు మరల కడ్డీలు కావడం ఆయన కంటబడింది. అవే సిద్ధబీజాలు. ఒక రోగానికి ఒక సూక్ష్మజీవే కారణమని తిరుగులేని నిరూపణ జరగడం దాదాపు అదే మొదలు. ప్రభుత్వ ఆస్పత్రులలో జీవితం గడిపిన నాబోటి వారికి ఈ సంగతి నేటికీ కొంత గర్వకారణమే.

ఫ్రాన్సులో రైతులు కొన్ని పొలాలను శపించబడినవిగా భావించి మందలను అటు తోలేవారు కారు. రోగంతో చచ్చిన జీవాలను పాతిపెట్టిన నేలలవి. సిద్ధబీజాలను వానపాములు పైకి తెస్తున్నాయని లూయీ పాశ్చర్ 1880లో వాదించాడు. మరుసటి ఏడాది మే నెలలో పూయీ-ల-ఫోర్ గ్రామంలో 24 గొర్రెలకు టీకా వేయించి, మరో 24 గొర్రెలను టీకా లేకుండా ఉంచి, అన్నిటికీ రోగాన్ని ఎక్కించాడు. జూన్ 2న చూడవచ్చిన జనానికి టీకా వేసినవి నిలబడి, వేయనివి చచ్చీ, చావబోతూ కనిపించాయి. పాశ్చర్ కంటే ముందే, 1880లో, గొర్రెలకు ఈ రోగం రాకుండా టీకా వేసి చూపిన పశువైద్యుడు హెన్రీ తూసేన్‌ను మాత్రం లోకం దాదాపు మరచిపోయింది. అది న్యాయం కాదని నా అభిప్రాయం. నేడు మన మందలకు వేసే టీకా, 1930ల దశకంలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ రూపొందించిన బలహీనపు రకం నుండి వచ్చినది.

సిద్ధబీజం ఎంత మొండిదో స్కాట్లాండు వద్దనున్న గ్రూనార్డ్ దీవి చెబుతుంది. 1942లో బ్రిటిష్ సైన్యం అక్కడ గొర్రెలపై దీనిని ఆయుధంగా పరీక్షించింది. నేలను ఫార్మాల్డిహైడుతో తడిపి శుద్ధి చేసి, ఆ దీవి సురక్షితమని ప్రకటించేసరికి 1990 వచ్చింది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటుంది. సిద్ధబీజం ఏర్పడటానికి గాలి కావాలి. కోయని కళేబరంలో కుళ్ళు వల్ల కడ్డీలు కొద్ది రోజులలోనే చాలావరకు నశిస్తాయి. కత్తి పెట్టగానే నెత్తురుతో పాటు అవి గాలికి, నేలకు చేరి, కొన్ని దశాబ్దాలు కాచుకొని ఉండే గింజలుగా మారుతాయి. ఆ కోత వలన కోసినవాడి చేతికీ ముప్పే, ఆ మేత బీడుకూ ముప్పే.

రాయలసీమకు ఇది దూరపు కథ కాదు. 2011లో చిత్తూరు జిల్లా ముసలిమడుగు గ్రామంలో మనుషుల చర్మానికి సోకిన దొమ్మ రోగం వైద్య పత్రికలకెక్కింది. విశాఖ మన్యంలోనూ ఇటువంటి కేసులు బయటపడ్డాయి. సాధారణంగా చచ్చిన లేక చావబోతున్న జీవాన్ని కోసి, మాంసం పంచుకున్న చోటనే ఇది కనబడుతుంది. దీనిని కేవలం అజ్ఞానమనడం నాకు సమ్మతం కాదు. వేల రూపాయల గొర్రె కళ్ళెదుట పడిపోతే, ఎంతో కొంతకైనా అమ్మి నష్టం పూడ్చుకోవాలని కాపరికి అనిపించడం సహజం. నష్టపరిహారం సకాలంలో అందుతుందన్న నమ్మకం కలిగితే కత్తి తీసేవారు తగ్గుతారు.

చేతిపై చిన్న పొక్కు లేచి, రెండు మూడు రోజులలో నీటి బుడ్డగా మారి, నడుమ నల్లగా పెచ్చు కట్టి, చుట్టూ వాచి, అంతలోనూ నొప్పి లేకుంటే అనుమానించాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోరాదు. వైద్యుడు అడగకపోయినా, గొర్రెను కోసిన సంగతి మీరే చెప్పండి. చర్మానికి వచ్చే రకంలో చికిత్స లేకపోతే నూటికి ఇరవై మంది వరకు మరణించవచ్చు. సకాలంలో యాంటీబయాటిక్ అందితే మరణాలు అరుదు. మాంసాన్ని ఎంత ఉడికించినా సిద్ధబీజాలు చస్తాయన్న భరోసా లేదు.

మందలో ఒక జీవి అకస్మాత్తుగా చనిపోతే కోయకండి, తోలు తీయకండి, కుక్కలను దరి చేరనీయకండి. పశువైద్యశాలకు గాని, 1962 నంబరుకు గాని తెలపండి. వారు చెవి నరం నుండి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. పాతడం, కాల్చడం వారి సూచన మేరకే జరగాలి. ఆ బీడులో ఒకసారి రోగం కనబడి ఉంటే, ఏటా వానలకు ముందే అక్కడ మేసే మందకు టీకా వేయించండి.