పాత జీపుకు కొత్త రంగు వేస్తే సరిపోదు



పాత జీపు కొనాలనే ఉత్సాహం మన మారతహళ్ళి కుర్రవాళ్ళలో బాగా కనబడుతోంది. పూర్తిగా బాగుచేసిన బండి అంటే నమ్మి కొని, తరవాత తల పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అలాంటి బండిని మళ్ళీ సరిచేయాలంటే ముందు దాని చరిత్ర తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాము.

మన పక్కనున్న హెచ్.ఏ.ఎల్.ను వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సాయంతో 1940 డిసెంబరులో స్థాపించారు. 1943లో, యుద్ధకాలంలో, దాని నిర్వహణ అమెరికా వైమానిక దళం చేతికి వెళ్ళింది. ఆ సైన్యం ఎక్కడికి వెళితే అక్కడికి జీపు కూడా వెళ్ళింది. 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. విల్లీస్‌ది ఎంబీ, ఫోర్డ్‌ది జీపీడబ్ల్యూ.

1947లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. 1953లో అమెరికాలో సీజే-3బి వచ్చింది. అక్కడ 1968లో ఆగిపోయినా, మన దేశంలో ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు తయారైంది. తాసిల్దారు ఆఫీసు ముందు, పోలీసు స్టేషను ముందు, ఎన్నికల ఊరేగింపులో మనం చూసిన జీపులు ఎక్కువగా ఇవే.

మెకానిక్కులు వీటిని లో బానెట్, హై బానెట్ అంటారు. సీజే-3బి ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు పైన ఉంటాయి. ఇంజను ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ కూడా ఎత్తు పెంచారు. యుద్ధకాలపు రేకు గ్రిల్‌కు 9 సందులు, తరవాతి సీజేలకు 7. ఛాసిస్ ముందు అడ్డపట్టీ విల్లీస్‌కు గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కు బోర్లించిన ఛానెల్. ఫోర్డ్ వాళ్ళు బోల్టుల మీద కూడా 'ఎఫ్' అచ్చు కొట్టారు.

యుద్ధపు జీపుకు ధర ఎక్కువ. అందుకని కొందరు హై బానెట్ బండిని కోసి, 9 సందుల గ్రిల్ తగిలించి, మిలిటరీ రంగు కొట్టి అమ్ముతారు. తుప్పు పట్టిన నేలరేకు మీద పుట్టీ మెత్తుతారు. అలాంటి బండి దొరికితే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. పుట్టీ మందంగా ఉన్న చోట అది అంటుకోదు. పుట్టీ అంతా గీకించి, ఛాసిస్ మూలమూలకూ టేపు పట్టి కొలిపించండి. రెండు కొలతలు సమానంగా రాకపోతే ఛాసిస్ వంకరే. డ్యాష్‌బోర్డు వెనక, సీటు కింద అసలు రంగు మిగిలి ఉంటుంది, దాన్ని గీకనివ్వకండి.

బ్రేకుల విషయంలో అశ్రద్ధ వద్దు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే హైడ్రాలిక్ లైను. ఎక్కడ ఆయిలు కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. రంగు పనికంటే ముందు ఈ పని చేయించండి.

ఛాసిస్ నంబరు మీద గ్రైండర్ పెట్టనివ్వకండి. వ్యాగన్ నంబరు, కాగితం మీది నంబరు కలవకపోతే మా రైల్వేలో సరుకు కదిలేది కాదు. ఆర్.సి. సంగతీ అంతే. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌, బాడీ, ఇంజను మార్చినవాటికి అది వర్తించదు. వేషం వేసిన బండికి ఇక్కడే చిక్కు వస్తుంది.

మా అభిప్రాయం ఒకటే. దొంగ ఎంబీ కన్నా నిజమైన సీజే-3బి మేలు. మన ఊళ్ళలో, మన రోడ్ల మీద తిరిగిన బండి అది. దానికి అమెరికా సైనికుడి వేషం అక్కర్లేదు.

చివరగా ఒక మనవి. ఇళ్ళలో పాత ఆర్.సి. పుస్తకాలు, జీపు పక్కన దిగిన ఫొటోలు ఉంటే పారేయకండి. బండి మొదట ఎలా ఉండేదో మెకానిక్కుకు చూపించడానికి అవే ఆధారం.