చుక్క పెడితే పదింతలు

ఇచ్చోడలో మా బాపమ్మ ఇంటి దూలానికి ఒక రేకు గొట్టం వేలాడుతుండేది. అందులో ఒకే ఒక కాగితం, నిజాం కాలం నాటి అప్పుపత్రం. బాపమ్మకు చదువు రాదు. తాను తీసుకున్నది ముప్ఫయి అయిదు హాలీ రూపాయలని మాత్రం తెలుసు. కాగితం మీద ఉన్నది మూడువందల యాభై. తేడా ఎంతో కాదు, ఒక్క చుక్క. ఆ చుక్క కింద రెండెకరాల జొన్న చెలక పోయింది.

చుక్కేమిటంటారా? నిజాం పాలన ముగిసిన 1948 దాకా మా ఆదిలాబాదు కచేరీల్లో ఉర్దూదే పెత్తనం. ఉర్దూలో అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి గానీ అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి. అందులో సున్న మన సున్నలా నిండుగా ఉండదు, చిన్న చుక్క. కలం విదిలిస్తే పడేటంత!

అసలు అంకెల వరుస సంఖ్య ఎలా అవుతుంది? నలుగురు తోడికోడళ్లు పెద్ద నుంచి చిన్న దాకా వరుసగా నిలబడ్డారనుకోండి. చేతుల్లో 3, 5, 0, 7. కడపటి ఆమెను "మొత్తం ఎంతమ్మా?" అంటే, "నా ముందున్న అక్కను అడిగి, ఆమె చెప్పినదాన్ని పదింతలు చేసి నా ఏడు కలుపుతా" అంటుంది. ఆ అక్క తన పై అక్కను అడుగుతుంది. పెద్దకోడలికి అడగడానికి ఎవరూ లేరు కనక "మూడు" అంటుంది. ఇక జవాబు వెనక్కి వస్తుంది: 3, 35, 350, 3507. అందరిదీ ఒకే ప్రశ్న, ఒకే పని. కంప్యూటరు చదివే పిల్లలు దీన్ని రికర్షన్ అంటారట. వరుసలో ఎందరున్నారో ఎవరికీ తెలియనక్కర్లేదు. చిక్కూ అక్కడే ఉంది. చివర ఎవరు వచ్చి నిలబడ్డా, ఉత్త చేతులతో వచ్చినా సరే, ముందువాళ్లందరి లెక్కా పదింతలైపోతుంది.

మన పెద్దలకు ఇంకో దారి తెలుసు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ రోజుల్లో శాసనాల శ్లోకాల్లో, పద్యాల్లో అంకెలకు బదులు పేర్లు వాడేవారు. చంద్రుడు ఒకటి, కన్నులు రెండు, వేదాలు నాలుగు, నిధులు తొమ్మిది, ఆకాశం సున్న. చదవడం మాత్రం ఒకట్ల స్థానం నుంచి. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం శక 944, అంటే క్రీ.శ. 1022. ఈ పద్ధతిలో అది 'వేద, వేద, నిధి' అవుతుంది. తెలియక మనలా చదివామా, 449! దాదాపు అయిదువందల ఏళ్లు వెనక్కి పోతాం. కానీ దీని చివర 'ఆకాశం' తగిలించినా ఏమీ కాదు. వేల స్థానంలో సున్న పడుతుంది, ఉన్నా లేనట్టే. మొదట్లో దూరుద్దామంటే గణాలు తప్పి పద్యం కుంటుతుంది. బాపమ్మ అప్పుపత్రం పద్యంలో రాయించుకుని ఉంటే బాగుండేదని నాకో కొంటె ఊహ!

మా బాధ చిన్నది. ఈ ప్రాంతపు గోండులు కాగితాలకు పోగొట్టుకున్న భూములకు లెక్కలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాకే సర్కారుకు మెలకువ వచ్చింది. గోండుల పరిస్థితి చూడడానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ దొర చొరవతో 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. నోటిలెక్కలో ఎవరికీ తీసిపోని జనం వాళ్లు. కొరత పడ్డది కాగితం మీది లెక్క దగ్గరే.

బాపమ్మ ఆ తర్వాత ఎక్కడ వేలిముద్ర వేసినా పైకం అక్షరాల్లో కూడా రాయించి, ఇద్దరి చేత చదివించుకునేది. అంతటితో ఆగేది కాదు. "అంకెల ఎన్క గీత గియ్యి బిడ్డా, ఇంకెవలు వచ్చి నిలవడకుంట" అనేది. పాలవాడి చీటీ మీద నేను గీత గీస్తుంటే మా పిల్లలు నవ్వుతారు.