గుంపు మేస్త్రీ చేతిలోని లెక్క: పాలమూరు వలసల్లో సంఘర్షణ, శ్రేయస్సు

పనిచోట వచ్చే తగువు మనిషి ఒంటినీ మనసునూ ఎలా కుంగదీస్తుందన్నది సంస్థాగత మనస్తత్వశాస్త్రంలో బాగా నలిగిన ప్రశ్న. 1995లో కేరెన్ జేన్ ఈ తగువులను రెండుగా విడదీసి చూపారు: పని గురించిన అభిప్రాయభేదం ఒకటి, మనుషుల మధ్య పొసగకపోవడం మరొకటి. మొదటి రకం కొన్ని పనుల్లో మేలు చేస్తుందన్న ఆశ ఉండేది. కార్స్టెన్ డి డ్రూ, లారీ వైన్‌గార్ట్ 2003లో అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసి, రెండు రకాలూ పనితీరునూ తృప్తినీ తగ్గిస్తున్నాయని తేల్చారు. అంతకు రెండేళ్ల ముందు డి డ్రూ, అనెలీస్ వాన్ వియానెన్ మరో సంగతి చెప్పారు. వ్యక్తిగత తగువును తవ్వకుండా పక్కనపెట్టిన బృందాలే మెరుగ్గా పనిచేశాయట.

పాలమూరు వలసల దగ్గరికి వచ్చేసరికి ఈ విభజన నిలవదన్నది నా వాదన.

పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి, నల్లగొండలో దేవరకొండ వైపు తండాల నుంచి కూలీలు దశాబ్దాలుగా ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు దూరదేశాలు పోతున్నారు. మట్టిపనికి ‘పాలమూరు లేబర్’ పెట్టింది పేరు. వాళ్లను కుదిర్చే గుంపు మేస్త్రీ చాలాసార్లు సొంత ఊరివాడే, వరుసకు బావో మామో అవుతాడు. బిడ్డ పెళ్లికో, ఎండిన బోరు అప్పుకో అడ్వాన్సు ఇచ్చేది ఆయనే. హాజరు రాసేదీ, చివరికి లెక్క తేల్చేదీ ఆయనే.

లెక్క తేలే రోజున నోటుబుక్కు మేస్త్రీ ఒళ్లో ఉంటుంది. జ్వరంతో పడుకున్న రోజులు నాగాలవుతాయి, సూదిమందు ఖర్చు అడ్వాన్సులో కలుస్తుంది. “గా నాలుగు దినాలు నేను పన్లనే ఉన్న గదా మామా” అని కూలీ అన్నాడనుకోండి. అది హాజరు గురించిన మాటే. కానీ అన్నది మామను, అదీ నలుగురి ముందు. రేపు ఊళ్లో అదే మామ ఇంటి పెళ్లికి పోవాలి. పని తగువు ఎక్కడ ఆగింది, చుట్టరికపు తగువు ఎక్కడ మొదలైంది? గీత గీయడానికి చోటే లేదు.

తప్పుకోవడం సంగతీ అంతే. జీతం, హోదా ఉన్న ఉద్యోగికి అది నేర్పు. అడ్వాన్సు తీరందే కదల్లేని కూలీకి నోరు మూసుకోవడం తప్ప దారి లేదు. “తగువుకు దూరంగా ఉంటాను” అన్న వాక్యానికి ఇద్దరూ అవుననే అంటారు, మన ప్రశ్నావళి ఇద్దరినీ ఒకే గడిలో వేస్తుంది. కూలీ తెగించి రాత్రికి రాత్రి పారిపోతే, ఊళ్లో మిగిలిన ముసలి తల్లిదండ్రులను బాకీ అడుగుతారు. శ్రేయస్సును పనిచేసే మనిషిలోనే కొలిస్తే ఆ భారం మనకు కనబడదు.

1976 వెట్టిచాకిరి రద్దు చట్టం అప్పు పేరిట మనిషిని కట్టేయడాన్ని నిషేధించింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మరో అడుగు వేసి, కూలి రేటు, కోతలు రాసిన ఫోటో పాస్‌బుక్కు కూలీ చేతికివ్వాలంది. నా దృష్టిలో ఇది మానసిక ఆరోగ్యానికి సంబంధించిన ఏర్పాటు కూడా. లెక్క తన దగ్గరే రాసి ఉంటే అల్లుడు మామను నిలదీయనక్కర్లేదు, కాగితం చూపితే చాలు. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. ఊళ్లోనే, మేస్త్రీ అడ్వాన్సు లేకుండా దొరికే పని కూలీకి కాదనే వీలు కొంతైనా ఇచ్చింది.

కాబట్టి ఈ ప్రాంతంలో వాడే కొలమానంలో లెక్క పుస్తకం ఎవరి దగ్గరుంది, బాకీ ఎంత మిగిలింది, ఎదురు మాట్లాడితే ఊళ్లో ఎవరికి కష్టం వస్తుంది అన్న ప్రశ్నలు చేరాలి. వాటిని మేస్త్రీ చూపు పడే గుడిసెల దగ్గర అడగకూడదు. తొలకరికి ఇల్లు చేరాక, ఇంట్లో ముసలివాళ్లనూ కూర్చోబెట్టుకుని అడగాలి.